సాక్షి పని: లెస్లీ న్యూబిగిన్ రచనల్లో మిషన్ శిక్షణ – ఒక పరిశీలన

తెలుగు క్రైస్తవుల వ్యవహారంలో 'సాక్ష్యం' అనే మాటకు విశేషమైన ప్రాచుర్యం ఉంది. ప్రార్థన కూటంలో లేచి నిలబడి తన జీవితంలో జరిగిన మేలును నలుగురికీ చెప్పుకోవడాన్ని సాక్ష్యం చెప్పడం అంటారు. న్యాయస్థానంలోనూ ఇదే మాట వాడతాం. అక్కడ సాక్షికి రెండు బాధ్యతలు ఉంటాయి. తాను చూసినదాన్ని దాచకుండా చెప్పాలి. చెప్పిన తర్వాత ఎదుటి పక్షం వకీలు వేసే ప్రశ్నలకు నిలబడాలి. తీర్పు చెప్పే అధికారం మాత్రం సాక్షికి లేదు. అనేక మతాలవారు కలిసి జీవించే లౌకిక సమాజంలో క్రైస్తవులను మిషన్ పనికి ఎలా సిద్ధం చేయాలి అన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన సమాధానాల్లో బిషప్ లెస్లీ న్యూబిగిన్ రచనలు ప్రముఖమైనవి. సాక్షి మొదటి బాధ్యతను ఆయన అంత లోతుగా వివరించినవారు అరుదు. రెండో బాధ్యత విషయంలో ఆయన రచనలు అసంపూర్ణంగా ఉన్నాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

న్యూబిగిన్ దైవశాస్త్రవేత్త, ఆయన రాసింది ఆంగ్లంలో. తెలుగు అధ్యయన విద్యార్థులకు ఆయనతో పని ఏమిటని ఎవరైనా అడగవచ్చు. తెలుగునేలకు వెలుపల స్థిరపడిన మన కుటుంబాలకు ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, కార్యాలయంలో మరొక భాష అనుభవంలో ఉన్నదే. పరాయి భాషలో తన మాటను చెప్పుకోవడం, పరాయివాడి మాటను అతని భాషలోనే వినడం మనకు పుస్తకాల్లోని సమస్యలు కావు. న్యూబిగిన్ సిద్ధాంతానికి కేంద్రం సరిగ్గా ఇదే. అందువల్ల ఆయన వాదంలో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో తేల్చి చెప్పడానికి మన విద్యార్థులకు ప్రత్యేకమైన అర్హత ఉంది.

జీవిత రేఖలు

న్యూబిగిన్ 1909లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జన్మించారు. 1936లో స్కాట్లండు చర్చి తరఫున మద్రాసు ప్రాంతానికి వచ్చి, తమిళం నేర్చుకుని, కాంచీపురంలో చాలాకాలం పనిచేశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు దాని తొలి బిషప్పులలో ఒకరై మధుర–రామనాథపురం అధ్యక్ష మండలాన్ని చేపట్టారు. మధ్యలో కొన్నేళ్లు అంతర్జాతీయ క్రైస్తవ సంస్థలలో పనిచేసి, 1965 నుంచి 1974 వరకు మద్రాసు బిషప్పుగా ఉన్నారు. పదవీ విరమణ చేశాక భార్యతో కలిసి బస్సుల్లో, భూమార్గాన ఇంగ్లండు చేరుకున్నారు.

సాధారణంగా మిషనరీ జీవితకథ అక్కడితో ముగుస్తుంది. న్యూబిగిన్ విషయంలో అసలు కథ అక్కడ మొదలయింది. బర్మింగ్‌హామ్‌లోని సెల్లీ ఓక్ కళాశాలల్లో మిషనరీ అభ్యర్థులకు పాఠాలు చెప్పారు. 1980 దశకంలో అదే నగరంలో, విన్సన్ గ్రీన్ జైలు ఎదురుగా ఉన్న ఒక చిన్న సంఘానికి కాపరిగా పనిచేశారు. ఆ పేటలో భారత ఉపఖండం నుంచి, కరీబియన్ దీవుల నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. హిందువులు, ముస్లింలు, సిక్కులు గుమ్మంలోకి ఆహ్వానించి ఆదరిస్తే, తన జాతివారి ఇళ్ల ముందు చల్లని నిరాదరణ ఎదురైందని ఆయన రాశారు. భారతదేశంలో ఎదురైన వ్యతిరేకత కంటే ఈ ఉపేక్షను భరించడమే కష్టమని ఆయన అభిప్రాయం. ఇక్కడినుంచి అక్కడికి వెళ్లాక మీకు కనిపించిన పెద్ద లోటు ఏమిటని అడిగితే, ఆశ కనిపించకుండా పోవడమని చెప్పేవారు. ఈ అనుభవం నుంచే 'ది అదర్ సైడ్ ఆఫ్ 1984' (1983), 'ఫూలిష్‌నెస్ టు ది గ్రీక్స్' (1986), 'ది గాస్పెల్ ఇన్ ఎ ప్లూరలిస్ట్ సొసైటీ' (1989) పుట్టాయి. బహుళత్వ సమాజంలో సువార్త అన్న అర్థం వచ్చే ఈ మూడో గ్రంథం గ్లాస్గో విశ్వవిద్యాలయంలో 1988లో ఇచ్చిన ఉపన్యాసాల సంకలనం. మన పరిశీలనకు ఇదే ప్రధానం. ఆయన 1998లో మరణించారు.

ప్రశ్న ముందు, ప్రసంగం తర్వాత

ఈ గ్రంథంలో శిక్షణకు సంబంధించిన మూడు ప్రతిపాదనలు ఉన్నాయి. మొదటిది అపొస్తలుల కార్యములు గ్రంథంపై ఆయన చేసిన ఒక పరిశీలన. ఆ గ్రంథంలోని పెద్ద ప్రసంగాలలో చాలావరకు ఎవరో అడిగిన ప్రశ్నకు సమాధానంగా వచ్చినవే. ముందుగా ఏదో ఒక కొత్త స్థితి కనిపించింది. చూసినవారు ఇదేమిటని అడిగారు. ఆ తర్వాత ప్రసంగం జరిగింది. ఈ పరిశీలన నిజమైతే ప్రసంగ కళలో తర్ఫీదు ఇవ్వడం శిక్షణలో రెండో మెట్టు అవుతుంది. ఇరుగుపొరుగువారికి ప్రశ్న పుట్టించే జీవితం మొదటి మెట్టు. అడగనివాడికి సమాధానం చెప్పడం మన సామెతల్లోని చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

రెండో ప్రతిపాదన సంఘానికి సంబంధించినది. సువార్తకు అసలైన వ్యాఖ్యానం దాన్ని నమ్మి బతికే స్థానిక సంఘమేనని న్యూబిగిన్ వాదన. ఆ సంఘానికి ఆరు లక్షణాలు చెప్పారు: స్తుతి చేయడం, సత్యాన్ని పట్టుకుని ఉండడం, తన కోసం తాను బతకకపోవడం, లోకంలో యాజకత్వం నెరవేర్చడం, పరస్పర బాధ్యత, నిరీక్షణ. ఈ ఆరింటిలో మూడోది ఆచరణలో అతి కష్టమైనది. తన పేటలోని సమస్యలను తనవిగా భావించని సంఘం ఎంత బిగ్గరగా పాడినా పొరుగువారికి అది శబ్దమే.

మూడోది నాయకత్వం గురించి. పసోలినీ 1964లో తీసిన మత్తయి సువార్త చలనచిత్రాన్ని ఆయన ఉదాహరణగా తీసుకున్నారు. అందులో యేసు శిష్యుల ముందు వడివడిగా నడుస్తూ, వెనక్కి తిరిగి భుజం మీదుగా మాటలు విసురుతూ ఉంటాడు. కాపరి అంటే కార్యాలయంలో కూర్చుని ఆదేశాలు పంపేవాడు కాడని, ముందు నడిచేవాడని ఆయన భావం. ఈ మూడో ప్రతిపాదనలో దాగి ఉన్న యుద్ధోపమానం మాత్రం మన సమాజానికి సరిపడదు. సేనాధిపతి ముందు నడిచినా వెనక నడిచినా అతని ఎదుట ఉన్నది శత్రువే. పొరుగువారిని ఆ స్థానంలో ఊహించే ఉపమానాన్ని శిక్షణ తరగతిలో వాడినప్పుడు, చెప్పినవారి ఉద్దేశం ఏదైనా, విన్నవారి మనసులో నాటుకునేది వేరుగా ఉంటుంది.

కంచి మఠంలోని పటం

'ది గాస్పెల్ ఇన్ ఎ ప్లూరలిస్ట్ సొసైటీ' మొదటి అధ్యాయంలో ఒక జ్ఞాపకం ఉంది. తాను నివసించిన ఊరిలోని రామకృష్ణ మఠానికి ఆయన వారానికొక సాయంత్రం వెళ్లి, సన్యాసులతో కలిసి నేలమీద కూర్చుని ఉపనిషత్తులను, సువార్తలను చదివేవారు. మఠం హాలులో లోకంలోని మహనీయుల పటాల మధ్య యేసు పటం కూడా ఉండేది. ప్రతి క్రిస్మస్‌కూ దానికి పూజ జరిగేది. ఇది యేసును తన సువిశాలమైన చట్రంలో ఒక మూలన సర్దుకోవడమేనని యువ మిషనరీకి అప్పుడే తోచింది. ఇంగ్లండులో తన సొంత క్రైస్తవం కూడా అలాగే పాశ్చాత్య నాగరికత చట్రంలో ఒదిగిపోయిందని ఆయన క్రమంగా గ్రహించారు. ఎదుటివాడి కంటిలోని నలుసును చూసి, ఆ చూపునే తనవైపు తిప్పుకోగలగడం ఆయన గొప్పతనం.

ఇదే గ్రంథంలో ఆయన అంధగజన్యాయాన్ని చర్చించారు. గుడ్డివాళ్లు ఏనుగును తడిమి తలా ఒక రకంగా వర్ణించిన కథను అన్ని మతాలూ పాక్షిక సత్యాలే అని నిరూపించడానికి వాడతారు. కాని ఈ కథ చెప్పే రాజుకు కళ్లున్నాయి కదా, అతడికి ఏనుగు మొత్తం కనిపిస్తున్నది కదా అని న్యూబిగిన్ ఎత్తిపొడిచారు. అందరూ గుడ్డివాళ్లని ప్రకటించేవాడు తానొక్కడే చూపున్నవాడినని చెప్పుకుంటున్నట్టే. వినయంగా కనిపించే ఈ కథ వెనుక పెద్ద అహంకారం ఉందని ఆయన విమర్శ.

తర్కం పదునైనదే. అయితే ఆ కథ పుట్టిన నేలమీద దానికి మరొక వాడుక ఉంది. బౌద్ధుల 'ఉదాన'లో ఈ కథ శ్రావస్తి రాజు పేరుతో వస్తుంది; తమలో తాము తగువులాడుకునే పరివ్రాజకులను ఉద్దేశించి బుద్ధుడు చెప్పినది అది. జైనుల స్యాద్వాదం ప్రతి వాక్యానికీ ముందు 'ఒక విధంగా చూస్తే' అనే అర్థమిచ్చే 'స్యాత్' అన్న మాటను చేర్చమంటుంది. అప్పుడు కథ చెప్పేవాడు కూడా ఆ షరతుకు లోబడక తప్పదు. జైనులు సర్వమూ చూడగల కేవలజ్ఞానిని అంగీకరిస్తారన్నది నిజమే. ఆ మేరకు న్యూబిగిన్ ప్రశ్న వారికీ వర్తిస్తుంది. కాని కథ చెప్పే మామూలు మనిషి తానే ఆ రాజునని అనుకోనక్కరలేదన్న జాగ్రత్త ఆ సంప్రదాయంలో ఉంది. న్యూబిగిన్ దాన్ని గుర్తించినట్టు ఆయన చర్చలో కనిపించదు. ఇంగ్లండు కళాశాలల్లో ఈ కథను అలవోకగా వాడే ఉదారవాదికి ఆయన సమాధానం సరిపోతుంది. కాంచీపురం కూడా ఒకప్పుడు జైనుల విద్యాస్థానమే. అక్కడ అడిగితే వచ్చే సమాధానం వేరుగా ఉండేది.

రెండో మాతృభాష

తత్త్వవేత్త అలస్డేర్ మకింటైర్ 1988లో ప్రకటించిన గ్రంథంలో ఒక భావన ఉంది. పరాయి సంప్రదాయాన్ని నిజంగా అర్థం చేసుకోవాలంటే దాని భాషను అనువాదం ద్వారా కాక, పసిబిడ్డ నేర్చుకున్నట్టు రెండో మాతృభాషగా నేర్చుకోవాలి. అప్పుడే ఏ మాట అనువాదానికి లొంగుతుందో, ఏది లొంగదో తెలుస్తుంది. న్యూబిగిన్ ఈ భావనను మిషన్ శిక్షణకు అన్వయించారు. తమిళంలో దశాబ్దాలు బతికినవారు కనుక ఈ మాట ఆయన నోట అనుభవంగా పలుకుతుంది.

తెలుగులో దీనికి ఒక ఉదాహరణ చూద్దాం. ఆంగ్లంలో 'కన్వర్షన్' అనే ఒక్క మాట ఉన్నచోట తెలుగులో రెండు ఉన్నాయి. దినపత్రికల మాట 'మతమార్పిడి'. తెలుగు బైబిలు పలుకుబడిలోని మాట 'మారుమనస్సు'. మొదటిది జనాభా లెక్కలకు, చట్టానికి, పోలీసు ఫిర్యాదుకు సంబంధించినది. రెండోది మనిషి లోపల జరిగేది. అది క్రైస్తవుడికి కూడా రోజూ అవసరమని ఆ గ్రంథమే చెబుతుంది. సంఘ సభ్యుడు మారుమనస్సు గురించి మాట్లాడుతుంటే పొరుగువాడికి మతమార్పిడి వినిపిస్తుంది. ఈ రెండు మాటల మధ్య దూరం తెలియనివాడు ఎన్ని గ్రంథాలు చదివినా మిషన్‌కు సిద్ధమైనట్టు కాదు. ఈ దూరం భాషలో ఉంటూ, బతికే చోట తెలుస్తుంది. చెన్నైలో, బెంగుళూరులో, బరంపురంలో, షోలాపురంలో పెరిగిన తెలుగు విద్యార్థికి ఒకే మాట రెండు వీధుల్లో రెండు రకాలుగా వినిపించడం కొత్తేమీ కాదు.

అయితే రెండో మాతృభాషను నేర్చుకునే దిశ ఒక్కటే కాదు. న్యూబిగిన్ రచనల్లో మిషనరీ ఎదుటివారి భాషను నేర్చుకుంటాడు. ఎదుటివాడు మిషనరీ భాషను, లేదా తనను అణచిన పెద్దల భాషను, నేర్చుకుని దానిలోనే తిరిగి ప్రశ్నించిన సందర్భాలు ఉన్నాయి. గుర్రం జాషువా మనకు దగ్గరి ఉదాహరణ. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, అంటరానితనాన్ని అనుభవించిన ఈ కవి పద్యవిద్యను క్షుణ్ణంగా సాధించారు. 1941లో వెలువడిన 'గబ్బిలం'లో కాళిదాసు మేఘసందేశపు పద్ధతిని చేపట్టి, ఒక దళితుని విన్నపాన్ని కాశీలోని శివునికి పంపారు. తరువాత రాసిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. సంస్కృత కావ్య మర్యాద, శైవ ప్రార్థన, క్రైస్తవ జీవితం మూడూ ఒక గొంతులో కలిసినప్పుడు ఎవరు ఎవరికి సాక్ష్యం చెబుతున్నారు? పాశ్చాత్య మిషన్ గ్రంథాల్లో ఈ ప్రశ్నకు చోటు దొరకడం కష్టం. మన తరగతి గదిలో దొరకాలి.

లౌకికత: రెండు దేశాలు, రెండు అర్థాలు

'సెక్యులర్' అన్న మాటపై న్యూబిగిన్ అభిప్రాయం కాలక్రమంలో మారింది. 1966లో ప్రచురించిన 'ఆనెస్ట్ రిలిజియన్ ఫర్ సెక్యులర్ మ్యాన్' లౌకికీకరణను చాలావరకు స్వాగతించింది. అంటరానితనం వంటి దురాచారాలపై మిషనరీలు ఒకప్పుడు చేసిన పోరాటాన్ని స్వతంత్ర భారతంలో లౌకిక రాజ్యమే ముందుకు తీసుకువెళుతున్నదని అందులో గుర్తించారు. 1983 తర్వాతి పుస్తకాల్లో దృష్టి తారుమారయింది. లౌకిక సమాజం తటస్థమైనదన్నది ఒక భ్రమ అని, దానికీ తనవైన దేవతలున్నారని, విజ్ఞానశాస్త్రం చెప్పేది బహిరంగ సత్యంగానూ, మతం చెప్పేది వ్యక్తిగత అభిరుచిగానూ విభజించడమే ఆ సమాజపు మూల విశ్వాసమని వాదించారు. అందువల్ల సువార్తను బహిరంగ సత్యంగా ప్రకటించాలన్నారు.

ఈ రెండో వాదాన్ని యథాతథంగా భారతదేశానికి తెచ్చి పాఠ్యాంశంగా పెట్టడం పొరపాటు. మన రాజ్యాంగ పీఠికలో 1976 నాటి 42వ సవరణ చేర్చిన 'లౌకిక' పదానికి మతాన్ని ఇంటి నాలుగు గోడల మధ్య ఉంచడమన్న అర్థం ఎప్పుడూ లేదు. ఇక్కడ మతాలన్నీ వీధిలోనే ఉన్నాయి. వాటిమధ్య రాజ్యం సమదూరం, సమాదరం పాటించాలన్నదే ఆశయం. 25వ అధికరణంలో 'ప్రచారం' అనే మాట ఉండాలా వద్దా అని రాజ్యాంగ సభలో 1948 డిసెంబరులో తీవ్రంగా చర్చ జరిగింది. ఒరిస్సా సభ్యుడు లోకనాథ మిశ్రా వద్దన్నారు. కె. ఎం. మున్షీ సమర్థించారు. టి. టి. కృష్ణమాచారి కూడా సమర్థిస్తూ, తాను క్రైస్తవ విద్యాసంస్థల్లో దాదాపు 14 ఏళ్లు చదివినా తన మతం మార్చడానికి ఎవరూ ప్రయత్నించలేదని చెప్పారు. అంటరానివాడికి సమాన హోదా దొరకడం కూడా క్రైస్తవాన్ని స్వీకరించడానికి ఒక కారణమని గుర్తుచేశారు. చివరికి ఆ మాట నిలిచింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ప్రచార హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు ఇమిడి లేదని తీర్పు చెప్పింది. ఒరిస్సా 1967లోనే ఈ విషయంలో చట్టం చేసింది; తమిళనాడు 2002లో తెచ్చిన చట్టం కొద్ది సంవత్సరాల్లోనే రద్దయింది; కర్ణాటక 2022లో చట్టం చేసింది.

ఈ చరిత్ర తెలియకుండా శిక్షణ పొందిన యువకుడు ఒరిస్సా పల్లెకో, బెంగుళూరు బస్తీకో వెళితే రెండు ప్రమాదాలు ఉన్నాయి. చట్టం చేతిలో తాను చిక్కడం ఒకటి. తన మాట విన్న పేదలు గ్రామంలో ఒంటరివాళ్లై మిగలడం రెండోది. మొదటిదాని గురించి సంస్థలు ఆలోచిస్తాయి. రెండోదాని గురించి ఆలోచించడమే నైతికంగా ముఖ్యం.

భారతీయ ప్రశ్నలు

న్యూబిగిన్‌ను నిలదీసిన భారతీయులు లేకపోలేదు. బెంగుళూరులోని క్రైస్తవ మత సమాజ అధ్యయన సంస్థ సారథి ఎం. ఎం. థామస్ 1971లో 'సాల్వేషన్ అండ్ హ్యూమనైజేషన్' ప్రచురించిన సందర్భంలో ఇద్దరికీ సుదీర్ఘమైన వాదన జరిగింది. క్రీస్తును కేంద్రంగా చేసుకున్న మానవ సహవాసం చర్చి గోడలకు వెలుపల, ఇతర మత సమాజాలలోనూ ఏర్పడవచ్చునని థామస్ వాదం. కంటికి కనిపించే సంఘం లేని విశ్వాసం గాలిలో దీపమని న్యూబిగిన్ సమాధానం.

ఈ వాదనకు తెలుగునాట ఒక సజీవమైన ఉదాహరణ అప్పటికే ఉంది. ఉపాధ్యాయుడైన కలగర సుబ్బారావు 1942లో తనకు కలిగిన దర్శనం తర్వాత క్రీస్తును అనుసరించారు. బాప్తిస్మాన్ని, చర్చి వ్యవస్థను మాత్రం నిరాకరించి, హిందూ సమాజంలోనే ఉండిపోయారు. తెలుగులో పాటలు రాశారు. ఆయన చుట్టూ ఒక ఉద్యమమే నడిచింది. డేనిష్ పండితుడు కాయ్ బాగో దానిపై 1968లో ఒక పుస్తకం రాశారు. సుబ్బారావును సంఘంలోకి రాని అవిధేయుడిగా చూడాలా, సంఘాన్ని ప్రశ్నించిన సాక్షిగా చూడాలా? న్యూబిగిన్ సూత్రం ప్రకారం మొదటి సమాధానం వైపు మొగ్గాలి. కాని పొరుగువారికి ప్రశ్న పుట్టించే జీవితమే మిషన్‌కు తొలిమెట్టు అని చెప్పినదీ ఆయనే. ఇక్కడ ప్రశ్న పుట్టింది. అది సంఘాన్ని ఉద్దేశించి పుట్టింది. అటువంటి ప్రశ్నను స్వీకరించే పద్ధతి ఆయన శిక్షణలో లేదు.

దోర్నకల్ నేర్పేది

తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో జన్మించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు. 1909లో నైజాం రాజ్యంలోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తులయ్యారు. 1910లో ఎడిన్‌బరో సభలో మిషనరీలు భారతీయులకు త్యాగాలు చేశారు కాని స్నేహం ఇవ్వలేదని నిష్కర్షగా చెప్పినవారు ఆయనే. న్యూబిగిన్ తమిళం నేర్చుకున్న ఆంగ్లేయుడు. అజరయ్య తెలుగు నేర్చుకున్న తమిళుడు. మన విద్యార్థులకు రెండో ప్రయాణం మరింత పరిచితం.

దోర్నకల్‌లో శిక్షణ పొందినవారిలో అధిక సంఖ్యాకులు మాల మాదిగ కూలి కుటుంబాలవారు. బాప్తిస్మం పొందిన ప్రతివారి చేతా తలమీద చేయి పెట్టించి, తాము సువార్త ప్రకటించవలసినవారమని పలికించేవారు అజరయ్య. శిక్షణ కొద్దిమంది పండితులకు పరిమితం కాకూడదన్నది ఆయన నియమం. అక్షరాలు నేర్చుకోవడం, తాగుడు మానడం, శుభ్రత, భార్యాభర్తలు కలిసి చదువుకోవడం ఈ శిక్షణలో భాగాలు. ఈ మార్పును చూసే కొన్ని సవర్ణ కుటుంబాలు కూడా అటు మొగ్గాయని ఆయన చెప్పుకునేవారు. ప్రశ్న ముందు, ప్రసంగం తర్వాత అన్న న్యూబిగిన్ సూత్రానికి అర్ధశతాబ్దం ముందే దొరికిన నిదర్శనం ఇది. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ ఎపిఫనీ దేవాలయంలో హిందూ, ముస్లిం వాస్తు రీతులు కలిసి కనిపిస్తాయి. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని అజరయ్య వాదించడం కూడా గమనార్హం; సంఖ్యాబలం కోసం మతం కాదన్న నమ్మకం దాని వెనుక ఉంది.

అయినా అజరయ్యకు కూడా ఎదురు ప్రశ్నలు వచ్చాయి. 1930లలో హరిజనుల మతాంతరీకరణపై గాంధీకి, ఆయనకు మధ్య తీవ్రమైన భేదం ఏర్పడింది. పేదల ఆధ్యాత్మిక నిర్ణయాన్ని గాంధీ శంకించారు. తమ మేలు తాము ఎంచుకునే తెలివి పేదలకు ఉందని అజరయ్య నిలబడ్డారు. ఈ వాదంలో ఎవరి పక్షం వహించినా ఒక విషయం స్పష్టం. ఇక్కడ కేంద్రంలో ఉన్నది వినేవాడి స్వేచ్ఛ. న్యూబిగిన్ చివరి పుస్తకాల్లో సంభాషించే పక్షాలు రామకృష్ణ మఠం సన్యాసి, పాశ్చాత్య శాస్త్రవేత్త, ఉదారవాద పండితుడు. దక్షిణాది పల్లె సంఘాలను తన తొలి దినచర్య గ్రంథంలో ఆత్మీయంగా చిత్రించిన రచయితే, సిద్ధాంతానికి వచ్చేసరికి వారిని వాదప్రతివాదాల్లో కూర్చోబెట్టలేదు. 1981లో బెంగుళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ ఎత్తిన ప్రశ్న ఇటువంటి లోటు గురించే: భారతీయ క్రైస్తవ చింతన ఇంతకాలం బ్రాహ్మణ తత్త్వంతోనే మాట్లాడింది, సంఘంలో అధిక సంఖ్యాకులైన దళితుల అనుభవంతో ఎప్పుడు మాట్లాడుతుంది? ఈ ప్రశ్న వచ్చిన 8 ఏళ్లకు వెలువడిన న్యూబిగిన్ గ్రంథంలో దానికి తగిన స్థానం లేదు.

ముగింపు

న్యూబిగిన్ నుంచి తీసుకోదగినవి ఏవో ఇప్పుడు తేల్చవచ్చు. ప్రసంగానికి ముందు ప్రశ్న పుట్టాలన్న సూత్రం, సంఘ జీవితమే వ్యాఖ్యానమన్న సూత్రం, ఎదుటివారి భాషను రెండో మాతృభాషగా నేర్చుకోవాలన్న సూత్రం నిలుస్తాయి. క్రైస్తవులకే కాదు, తన నమ్మకాన్ని పొరుగువారి ముందు దాచకుండా చెప్పదలచిన ఎవరికైనా ఇవి ఉపకరిస్తాయి. నమ్మకం లేనివాడే సహనం చూపగలడన్న ఆధునిక అపోహకు ఆయన రచనలు గట్టి సమాధానం.

వాటికి మూడు విషయాలను చేర్చుకోవాలి. మొదటిది, లౌకికత అనే మాటకు మన రాజ్యాంగంలో ఉన్న అర్థాన్ని, దాని చరిత్రను శిక్షణలో చెప్పడం. రెండోది, మఠంలోని సంభాషణతో పాటు మాలపల్లెలోని సంభాషణను సమానంగా పాఠ్యాంశం చేయడం. జాషువాను, సుబ్బారావును ఆ తరగతిలో చదవడం. మూడోది, మొదట చెప్పిన సాక్షి రెండో బాధ్యతను నేర్పడం. సాక్ష్యం చెప్పినవాడు ఎదుటివారి ప్రశ్నకు కోపం తెచ్చుకోకూడదు, తప్పించుకోకూడదు, తీర్పరి పీఠం ఎక్కకూడదు. ఏ శిక్షణాలయంలోనైనా అభ్యర్థి ఎంత బాగా మాట్లాడగలడన్నదానితో పాటు, వేరే మతస్థుడు అడిగిన కఠినమైన ప్రశ్నను ఎంతసేపు ఓపికగా వినగలిగాడన్నది కూడా పరీక్షకు పెట్టాలి.

కంచి మఠంలో నేలమీద కూర్చున్న రోజుల్లో న్యూబిగిన్ ఈ రెండో పనిని స్వయంగా చేశారు. బర్మింగ్‌హామ్‌లో రాసిన పుస్తకాల్లో అది తగ్గింది. ఆయనను చదివే విద్యార్థులు ఆ ఇద్దరిలో మొదటివారిని గురువుగా ఎంచుకోవడం మేలు.